గుఱ్ఱపుడెక్క ఆకును దొలుచు నల్లి



ఈ ప్రసంగము వ్రాయుటకు గూర్చున్నపుడు నా బల్లమీద గుఱ్ఱపుడెక్క ఆకు ఒకటి యున్నది. ఉదయమున మా యూరి చెఱువునుండి తెచ్చితిని. దూరమునుండి చూచినచో ఆకుపచ్చగా, నున్నగా, నూనె రాచినట్లు మెఱయుచుండును. దగ్గరకు దీసి వెలుతురున కెదురుగా బట్టుకొన్నచో, ఈనెల నడుమ గోధుమరంగు గీతలు, సన్ననివి, ఒకదాని ప్రక్క నొకటి కానవచ్చును. ఒక్కొక్క గీత బియ్యపుగింజ పొడవున నుండును. గీత చివర సూదిమొనతో బొడిచినట్లు గుండ్రని రంధ్ర మొకటి. ఈ గీతలు గీసినది యొక నల్లి. ఆ నల్లి యెక్కడిది, దానిని మన దేశమునకు బిలిచిన వారెవరు, ఏల పిలిచిరి యనునదియే నేటి విషయము.

గుఱ్ఱపుడెక్క యన నేమో మీకు నేను చెప్ప నక్కఱలేదు. కృష్ణా గోదావరి కాలువలలో, కొల్లేటిలో, ఊరూర మురుగుకుంటలలో దానిని చూడనివారు లేరు. దాని యాకు గుఱ్ఱపు గిట్టవలె నుండుటచే మన వారా పేరు పెట్టిరి. కాని దానితో నాకు గల సంబంధము మీకు దెలియదు గనుక మొదటనే చెప్పివేసెదను. మా యూరి చెఱువులోనికి ఆ మొక్క వచ్చుటకు గొంతవఱకు నేనే కారకుడను. సుమారు 40 ఏండ్ల క్రిందట, ఉద్యోగములో క్రొత్తగా జేరిన దినములలో, ఒక పెండ్లికి బోయి వచ్చుచు కాలువలో దానిని చూచితిని. లేత ఊదారంగు పూగుత్తి. పై రేకు నడుమ నెమలికన్నువలె పసుపుచుక్క. కావ్యములు చదివిన మనస్సు గదా! నీలోత్పలమును చూచినంత సంబరపడి, రెండు మొక్కలు తడిగుడ్డలో జుట్టి తెచ్చి, బడి వెనుక నున్న నీటికుంటలో వేసితిని. పిల్లలకు జూపి యానందించితిని. రెండేండ్లలో కుంట నిండెను. మఱుసటి వానకాలమున కుంట పొంగి చెఱువులో గలసెను. తరువాతి సంగతి మీ రూహింపగలరు.

నా తప్పు నాది. కాని లోకమంతటను ఈ మొక్క వ్యాపించిన విధమును చదివినప్పుడు, నావంటి వారే దేశదేశములందు నుండిరని తెలిసినది. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. మార్షియస్ అను జర్మను వృక్షశాస్త్రవేత్త బ్రెజిలులో దీనిని చూచి 1823 ప్రాంతమున శాస్త్రలోకమునకు దెలిపెను. అటుతరువాత దీని దేశాటనమంతయు పువ్వును చూచి మురిసిన వారి చేతులమీదుగనే జరిగెను. 1884లో అమెరికా సంయుక్తరాష్ట్రములలోని న్యూ ఆర్లియన్సు నగరమున పత్తి వర్తకమునకు సంబంధించిన గొప్ప ప్రదర్శన మొకటి జరిగెను. అందు ఈ పూలమొక్కలను చూపఱులకు బంచిపెట్టిరని చెప్పుదురు. తీసికొనిపోయిన వారు తమ కొలనులలో వేసికొనిరి. కొలనులు నిండగా మిగిలినవి యేటిలో బాఱవేసిరి. కొన్ని సంవత్సరములలోనే ఫ్లారిడాలోని సెయింట్ జాన్సు నదిలో పొగయోడలు కదలలేని స్థితి వచ్చెను. 1897లో అక్కడి ప్రభుత్వము వారు వెబ్బర్ అను శాస్త్రజ్ఞునిచే విచారణ జరిపించి నివేదిక ప్రకటించిరి. 1899లో నదులను శుభ్రపఱచుటకై శాసనమే చేసిరి.

తరువాత వారు చేసిన పనులు మనము శ్రద్ధగా వినదగినవి. మొక్కలను కోసిరి, గడ్డమీదికి లాగిరి, తరిగి నుగ్గు చేసిరి. అవి మఱల మొలచినవి. 1902లో విషౌషధములు వాడుటకు అనుమతి నిచ్చిరి. పాషాణము కలిపిన నీళ్లు చల్లిరి. మొక్కలు వాడినవి, నిజమే. కాని వాడిన యాకులను మేసిన పశువులును చచ్చినవి. రైతులు మొఱపెట్టగా, ఫ్లారిడాలో పశువులకు హాని చేయు మందులను వాడరాదని 1905లో శాసనమును సవరించిరి. శాసనములు చేయువారు మన పశువు చచ్చినగాని విషమును విషమని యొప్పుకొనరు కాబోలు!

1910లో జరిగిన విచిత్రము మఱి యొకటి. లూసియానా ప్రతినిధి బ్రౌసార్డ్ అనునతడు అమెరికా శాసనసభలో ఒక బిల్లు ప్రవేశపెట్టెను. ఏమనగా, ఆఫ్రికానుండి నీటిగుఱ్ఱములను దెప్పించి లూసియానా బురదనేలలలో విడువవలెను. అవి గుఱ్ఱపుడెక్కను మేయును. వాని మాంసమును ప్రజలు తినవచ్చును. రెండు కష్టములును ఒకసారిగా దీఱును. ఈ బిల్లును బలపఱచుటకు వచ్చిన వారిలో బర్న్‌హామ్, డ్యూకేన్ అను నిరువురు, అంతకు బదేండ్ల ముందు దక్షిణాఫ్రికా యుద్ధములో ఎదిరిపక్షముల వేగువాండ్రై ఒకరినొకరు చంప జూచినవారట. గుఱ్ఱపుడెక్క వారిని మిత్రులను చేసెను. బిల్లు మాత్రము నెగ్గలేదు. నెగ్గకపోవుట మేలే యైనది. నీటిగుఱ్ఱము ఎంత మేయునో, దాని కోపమునకు బడవలెన్ని మునుగునో ఆ సభ్యు లెఱుగరు.

మన దేశమున ఈ తెవులు వంగదేశమున మొదట ముదిరెను. 19వ శతాబ్దపు కడపటి దశాబ్దములలో ఇది యచటి నదులలోనికి జేరి, వరిపొలములను, పడవదారులను, చేపలమడుగులను గప్పివేసెను. 1914లో మొదలైన మహాయుద్ధ కాలమున జనులు దీనిని జర్మను పాచి యని పిలిచిరి. శత్రువు తెచ్చి వేసిన దనియే వారి నమ్మకము. 1921లో ప్రభుత్వము వారు ఒక విచారణసంఘమును నియమించి, జగదీశ చంద్ర వసుగారిని దాని కధ్యక్షులను చేసిరి. మొక్కలకు బ్రాణము, స్పందనము గలవని లోకమునకు జూపిన మహనీయుని చేతికే, ఒక మొక్కను జంపు నుపాయము చెప్పుమని యప్పగించుట విధి వైపరీత్యము గాక మఱేమి? 1936లో వంగదేశ శాసనసభ గుఱ్ఱపుడెక్క నిర్మూలన శాసనమును జేసెను. 1937 ఎన్నికలలో దానిని నిర్మూలింతుమనుట రాజకీయపక్షముల వాగ్దానములలో నొకటి. ఎన్నికలు ముగిసినవి, పక్షములు మాఱినవి, దేశమే రెండుగా జీలినది, గుఱ్ఱపుడెక్క మాత్రము రెండు వైపులను యథాస్థానమున నున్నది.

ఇంత మొండితనము దాని కెట్లు వచ్చెను? అనుకూలమైన నీరు, ఎండ యున్నచో అది రెండు వారములకు అటునిటుగా తన్ను తాను రెట్టింపు చేసికొనును. తల్లిమొక్క ప్రక్కకు తీగ సాచి పిల్లను బెట్టును. పిల్ల మఱల పిల్లను బెట్టును. గింజయు గట్టును, ఆ గింజ బురద యడుగున 15, 20 ఏండ్లు నిద్రించి మఱల మొలవగలదు. కాని విచిత్ర మేమనగా, పుట్టినింట దీనికి ఇంత యహంకారము లేదు. అమెజానులో ఇది యితర మొక్కలతో బాటు ఒదిగి యుండును. ఎందుచేతననగా అక్కడ దీనిని దినువారు గలరు. ఆకు గీకు పురుగు, కాడ తొలుచు పురుగు, ఈనెల నడుమ సొరంగము ద్రవ్వు నల్లి, తెగుళ్లు, అన్నియు దానితోడనే పుట్టి పెరిగినవి. మనము పువ్వును దెచ్చుకొంటిమి. దాని మొగుడిని దేలేదు.

మొక్క శత్రువును వెదకి తెచ్చి కలుపును అణచు నీ యుపాయమును పాశ్చాత్యులు నిన్న మొన్న తమ దేశములలో గనిపెట్టి రని కొందఱనుకొందురు. దాని మొదటి ప్రకరణము మన దేశముననే జరిగినది, అదియు బొరపాటున. 18వ శతాబ్దమున మేలైన యెఱ్ఱరంగు కొచ్చినీలు అను పురుగునుండి వచ్చుచుండెను. అది నాగజెముడు జాతి మొక్కలపై బ్రతుకును. ఆ వర్తకమంతయు మెక్సికో నేలు స్పెయిను వారి గుప్పిట నుండెను. తూర్పు ఇండియా కంపెనీ వారికి దానిపై ఆశ పుట్టెను. చెన్నపట్టణములో కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ ఈ పురుగులకై యెన్నియో యుత్తరములు వ్రాసి, సైదాపేటలో జెముడు తోట వేయించెను. తుదకు 1795లో నీల్సన్ అను నోడ కప్తాను బ్రెజిలునుండి పురుగులను కలకత్తాకు దెచ్చెను. తెచ్చినది వేఱొక జాతి! దాని రంగు నాసి. కంపెనీ వారి యాశ భగ్నమయ్యెను. అయితే ఆ పురుగు నాగజెముడులో ఒక రకమును మాత్రము కడుపార దినివేయ జొచ్చెను. ఇది చూచినవారు 1836–38 ప్రాంతమున దానిని బుద్ధిపూర్వకముగా దక్షిణదేశమునకు దెచ్చి జెముడు డొంకలపై విడిచిరి. కలుపును జంపుటకై ఒక ప్రాణిని ఒకచోటి నుండి మఱియొక చోటికి దెచ్చిన సందర్భములలో ఇదియే మొదటిదని శాస్త్రజ్ఞులు లెక్కింతురు. తరువాత 1860లలో అది సింహళమునకు బోయెను.

మిగిలిన జెముడు రకమునకు 1926లో సింహళమునుండియే మఱియొక కొచ్చినీలు పురుగు వచ్చెను. దీనిని మా తాతగారు కన్నులార చూచిరి. వారు కడప ప్రాంతమున బడిపంతులుగా నుండెడివారు. ఊరి చుట్టును, పొలముల గట్లపై, శ్మశానమున, ఎటు చూచిన నాగజెముడే. పాములకును పందులకును అదియే కోట. ఒక యేడు ఆ డొంకలమీద దూదివంటి తెల్లని బూజు కనబడెను. దానిని చిదిమిన బిల్లల చేతులు పారాణి పెట్టినట్లు ఎఱ్ఱనయ్యెను. కొలది సంవత్సరములలో ఆ కోటలన్నియు గుళ్లి నేలగూలెనని వారు చెప్పుచుండిరి. అది పురుగు పని యని వారికి దెలియదు. గ్రామదేవత మహిమ యని యొక వర్గమును, కలికాలమున చెట్లకును రోగము వచ్చెనని మఱియొక వర్గమును వాదులాడుకొనిరట. కంపెనీ వారు రంగు గోరిరి, కలుపు పోయెను. నేను పువ్వు గోరితిని, కలుపు వచ్చెను.

ఇంతవఱకు చెప్పినవి పురుగులు. నల్లి పురుగు గాదు. పురుగునకు ఆరు కాళ్లు; నల్లికి ఎనిమిది, గ్రుడ్డునుండి వెడలిన తొలి దశలో మాత్రము ఆరు. సాలెపురుగు, తేలు దీని జ్ఞాతులు. మంచముల నల్లికిని దీనికిని పేరొక్కటే గాని చుట్టరికము లేదు. కలుపుపై నల్లి పని చేసిన తొలి యుదాహరణములలో నొకటి ఆస్ట్రేలియా దేశమున గలదు. అచట నాగజెముడు 1925 నాటికి సుమారు 2 కోట్ల 40 లక్షల హెక్టార్ల నేల నాక్రమించి, రైతులను ఇండ్లు విడిచి పోవునట్లు చేసెను. 1920లలో దానిపైకి వచ్చిన ప్రాణులలో ఎఱ్ఱనల్లి యొకటి. అది జెముడు మట్టల పచ్చదనమును బీల్చి, పాలిపోజేసి, కాయలు తగ్గునట్లు చేసెను. తరువాత 1925లో ఆర్జెంటీనా నుండి తెచ్చిన 2,750 గ్రుడ్లనుండి పెంచిన చిమ్మెటపురుగు జెముడంతటిని నమలివేయుటచే నల్లి కీర్తి మఱుగుపడెను. ఆ చిమ్మెటపురుగు పేర బూనార్గా అను నూరిలో 1936లో ఒక మందిరమును గట్టించిరి. పాపము, నల్లి పేర నెవరును ఏమియు గట్టింపలేదు.

మన రైతులకు నల్లి యనగానే గుండె గుభిల్లుమనును. మిరపతోటలో ఆకు పైకి ముడుచుకొన్నచో తామరపురుగు, క్రిందికి ముడుచుకొన్నచో తెల్లనల్లి యని మీ యూరి పాలేరును చెప్పగలడు. వరికి ఆకునల్లి, కంకినల్లి గలవు. 1998లో కేరళమున గనబడిన కొబ్బరినల్లి మన కోనసీమ తోటలకును వచ్చి కాయలపై గజ్జివంటి మచ్చలు దెచ్చెను. ఇన్ని నల్లులు మన కంచములో చేయి పెట్టుచుండగా, నల్లిని మిత్రమని చెప్పుటకు నాకు గొంత ధైర్యము కావలసి వచ్చినది.

గుఱ్ఱపుడెక్క నల్లికి శాస్త్రజ్ఞుడైన వాల్‌వర్క్ 1965లో పేరు పెట్టెను. ఆ లాటిను పేరులోని రెండవ మాటకు దొలుచునది యని యర్థము, నామము సార్థకము. దీని వంశమువారు సాధారణముగ నేలపై రాలి కుళ్లిన యాకులను, బూజును దిని జీవింతురు. పచ్చి మొక్కను దినుట ఆ కులమున అరుదు. ఇది మాత్రము కులాచారమును విడిచి, పచ్చి యాకు నాశ్రయించినది. పెరిగిన నల్లి నల్లగా, నిగనిగలాడుచు, ఒక మిల్లీమీటరులో సగము గూడ నుండదు. ఆవగింజ దీని ముందు గుమ్మడికాయ. ఆడుది ఆకు పొరలో చిన్న గుంట చేసి గ్రుడ్డు పెట్టును. వారము, ఎనిమిది దినములలో పిల్ల వెడలును. ఆ పిల్ల తెల్లగా, మెత్తగా నుండి, ఆకు పై పొరకు క్రింది పొరకు నడుమ నున్న పచ్చని కండను దినుచు ముందుకు సాగును. ఈ యాకు ఈనెలు సమాంతరముగ నుండును గదా. ఆ రెండీనెల నడుమ సందే దాని వీథి. ఆ వీథిలోనే కుబుసము విడిచి విడిచి పెద్దదగును. రెండు వారములకు, నేను మొదట జెప్పిన యా గుండ్రని కిటికీని తొలుచుకొని వెలుపలికి వచ్చును.

ఒక్క సొరంగముతో ఆకునకేమియు గాదు. కాని ఒక్కొక్క యాకులో అవి వందలకొలది యగునపుడు పచ్చదనము పోయి, గీతలు గలసి మచ్చలై, ఆకు గోధుమరంగు దిరిగి యెండును. పచ్చదనమే మొక్కకు వంటయిల్లు. వంటయిల్లు కాలిన కాపురము వలె మొక్క చిక్కును, పిల్లలను బెట్టుట తగ్గించును, పూతయు దగ్గును. సొరంగముల నోళ్లగుండ బూజు తెగుళ్లును లోనికి జొరబడును. అయినను సత్యము చెప్పవలెను: నల్లి యొంటరిగా మొక్కను జంపుట అరుదు. దానికి పెద్దన్నవంటి ప్రాణి యొకటి గలదు, ముక్కుపురుగు. పెరిగిన ముక్కుపురుగు ఆకును గీకి తినును. దాని పిల్ల కాడలో దొలిచి మొదటికి దిగి చివురును దినును. పైన నల్లి, లోపల ముక్కుపురుగు పట్టినపుడు, మొక్క బరువెక్కి, కాడలు కుళ్లి, నీటమునుగును.

వీనిని వెదకుటకై బెన్నెట్, జ్వోల్ఫర్ అను శాస్త్రజ్ఞులు 1960లలో దక్షిణ అమెరికా ఉత్తరభాగమున, ట్రినిడాడు దీవిలో తిరిగి చూచిరి. 1971లో నల్లిని ఆఫ్రికాలోని జాంబియా దేశమునకు గొనిపోయి విడువగా, అది నిలదొక్కుకొని ప్రక్క దేశములకును ప్రాకెను. 1972లో ఫ్లారిడాలో ముక్కుపురుగును విడిచిరి. మన దేశమునకు బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 1982–83 ప్రాంతమున రెండు రకముల ముక్కుపురుగులను రప్పించి, పరీక్షించి, చెఱువులలో విడిచిరి. ఫ్లారిడానుండి నల్లియు వచ్చెను. బెంగుళూరు ప్రాంతపు చెఱువులు కొన్ని, అంతకుముందు పచ్చని చాప పఱచినట్లుండినవి, ముక్కుపురుగు పనిచే గొన్ని సంవత్సరములలో నీటిముఖమును జూపినవి.

పరీక్ష యనగా నేమో వివరింతును. ఇది పెద్దలు తప్పక తెలిసికొనవలసిన విషయము. విదేశమునుండి వచ్చిన ప్రాణిని తలుపులు బిగించిన గదిలో నుంచి, వరి, చెఱకు, కూరగాయలు మొదలుగా మన పంటమొక్కలను ఒక్కొక్కటిగా దాని ముందు బెట్టుదురు. వేఱు తిండి లేక ఆకలితో మాడునపుడైనను అది వానిని దిని, గ్రుడ్లు పెట్టి, సంతతి పెంచునేమో చూతురు. ఈ నల్లి గుఱ్ఱపుడెక్కను, దాని కుటుంబమునకు జెందిన కొలది నీటిమొక్కలను దప్ప మఱి దేనిని ఆశ్రయించి బ్రతుకజాలదు. ఇంత చేసినను జనులకు భయము పోదు, పోనక్కఱలేదు గూడ. వయ్యారిభామ కలుపును దినుటకై 1984లో బెంగుళూరులో విడిచిన మెక్సికో పెంకుపురుగు, కొన్నేండ్లకు పొద్దుతిరుగుడు ఆకులపై గనబడెనని పెద్ద యలజడి లేచి, ప్రభుత్వము వారు విచారణ జరిపింపవలసి వచ్చెను. ప్రశ్నించు రైతును మూర్ఖుడనరాదు. పొలము వానిది.

విడిచిన ప్రతి నల్లియు గెలిచినదనియు ననుకొనరాదు. నీలగిరులలో, ఉదకమండలము చుట్టును, పసుపుపూల ముండ్లతుప్ప యొకటి గలదు. ఆంగ్లేయులు తమ దేశపు కంచెమొక్క యని మోజుపడి తెచ్చినది. ఆ తుప్పయే న్యూజీలాండు దేశమున గొండలను గప్పివేసెను. 1989లో దానిపై నొక సాలెనల్లిని విడిచిరి. అది తుప్పమీద తెల్లని పట్టుగుడారములు వేసి, కొమ్మలు తెల్లబాఱునట్లు రసము పీల్చెను. చూచినవారు గెలిచితిమనుకొనిరి. ఇంతలో నల్లులను దిను వేఱొక నల్లియు, చిన్న పెంకుపురుగును అచటికి జేరి విందు చేసికొన జొచ్చినవి. నల్లి నశింపలేదు గాని దాని యుద్ధతి తగ్గెను.

ఇక మా చెఱువు మాట. రెండేండ్ల క్రిందట గ్రామసభలో దీనిపై చర్చ జరిగినది. యువకులు కలుపుమందు కొట్టుదమనిరి. చెఱువు పాట పాడుకొన్నవారు చేపలు చచ్చునని యడ్డుపడిరి. కొందఱు యంత్రము దెప్పింపుమనిరి. దాని యద్దె విని మానుకొనిరి. నేను లేచి, అడుగున దొరకిన గీతల యాకును జూపి, మన చెఱువులోనికి నల్లియు ముక్కుపురుగును ఎవరును పిలువకయే వచ్చియున్నవి, వీనిని జంపక కాపాడుదమంటిని. అంతట మా యూరి పెద్దరైతు, నాకంటె బదేండ్లు పెద్ద, లేచి నిలిచెను.

"పంతులుగారూ, మిరపతోటలో నల్లిని చంపటానికి అప్పు చేసి మందు కొడుతున్నాం. మీరేమో చెరువులో నల్లిని పెంచమంటున్నారు. ఆ మొక్క నాటిందీ మీరే. ఇప్పుడు దీనికీ మీ మాటే వినమంటారా?"

సభ నవ్వెను. నాకు జెప్పుటకు మాట లేకపోయెను. నిజముగ నతని ప్రశ్న న్యాయమైనది. పువ్వు నాటిననాడు దాని గుఱించి నాకేమి తెలియును? నేడు నల్లి గుఱించి అంతకంటె నెక్కువ తెలియునని యతడేల నమ్మవలెను? నే నింటికి వచ్చి, వెలుతురు గాజుపెట్టె యొకటి తెచ్చి, అందు గుఱ్ఱపుడెక్క యాకుల ప్రక్కనే ఒక కుండీలో మిరపనారు పెట్టి, పెద్దరైతు నింటికి బిలిచితిని. నాలుగు వారములు, వారమున కొకసారి అతడు వచ్చి భూతద్దముతో రెంటిని జూచెను. గుఱ్ఱపుడెక్కలో గీతలు పెరిగినవి. మిరపాకున నొక్కటియు లేదు. శాస్త్రజ్ఞులు బెంగుళూరులో పూర్వమే చేసిన పని నా వరండాలో చేసిన బాలచేష్టయే యది. అయినను అతని కన్నులతో నతడు చూచెను.

"సరే బాబయ్యా," అనెను. "కాని నల్లొక్కటే చాలదు. మనం కూడా వంగాలి."

ఆ మాట నా పుస్తకజ్ఞానముకంటె మేలైనది. మా చెఱువులోనికి ఊరి మురుగంతయు దిగుచుండెను. మురుగునీటిలోని బలముచే మొక్క, నల్లి తినుటకంటె వేగముగ బెరుగుచుండెను. ముందు మురుగుకాలువను వేఱు దారికి ద్రిప్పించిరి. వేసవిలో నీరు దిగినపుడు కూలీలను బెట్టి మూడింట రెండువంతులు లాగి, గట్టునకు దూరముగ గుప్పవేసి యెండబెట్టిరి. మొత్తము లాగివేయుదమని కూలీలు పట్టుబట్టినప్పుడు పెద్దరైతే వలదని యడ్డుపడెను. అంతయు దీసినచో నల్లియు ముక్కుపురుగును దానితోడనే పోవును. బురదలోని గింజలు మఱుసటి యేడు మొలచునప్పుడు, తినువారు లేక, అవి మఱల రాజ్యమేలును. అందుచే పడమటి మూలను కొంత మేరకు వెదురు గడలు పాతి, తాడు గట్టి, ఆ మొక్కలను విడిచిపెట్టిరి. క్రొత్తగా మొలచిన వానిపైకి అక్కడి యాకులను పశువుల కాపరులు అప్పుడప్పుడు విసరుచుందురు.

చెఱువు శుభ్రమైనదని నేను చెప్పను. తూర్పుగట్టున ఈ వానకాలమున మఱల పిల్లమొక్కలు కనబడినవి. కాని అవి పూర్వమువలె మోకాలెత్తు లేవవు. జేనెడే యున్నవి, ఆకులపై మచ్చలతో. బట్టలు ఉదుకువారి రేవునకు దారి దొరకినది. పడమటి మూలనుండి తెచ్చినదే నా బల్లమీది యీ యాకు. దీని గీతలు లెక్కింప బూని 130 వఱకు తప్పకుండ బోయితిని. ఆపైని కన్నులు మసకలాయెను. మిగిలినవి మా మనుమరాలు భూతద్దము పట్టుకొని లెక్కించుచున్నది.